అడ్డపొగ

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి కాలింగ్ బెల్ మోగగానే డాక్టర్ సూరాడ ధనరాజు బాత్‌రూమ్‌లోకి దూరి గడియ పెట్టుకున్నాడు. వచ్చింది పోలీసులు కాదు, కన్నతల్లి. నలభై ఏళ్ళ మనిషి, మెదడు మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్నవాడు, సొంత ఇంట్లో బకెట్టు పక్కన నిలబడి, అక్కర్లేకపోయినా కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున దాక్కోవాలని చూశాడు. పోలమ్మ గొంతు ముందు కొళాయి ఏపాటి? జాలరిపేట నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకొచ్చి, వీధిలో నిలబడి ఒక్క కేక వేసి నాలుగో అంతస్తు వాళ్ళని కిందికి దింపిన గొంతు అది.

"ఏటే హైమా, ఈడింకా తానవాడతన్నాడేటి? పోయినాదోరం వొచ్చినప్పుడూ తానవే గదే!"

"వచ్చేస్తారత్తయ్యా. కూర్చోండి, టీ పెడతాను," అంది హైమ. అబద్ధమాడటం ఆ మనిషికి బొత్తిగా చేతకాదు, గొంతులోనే తెలిసిపోయింది.

"వొద్దులే తల్లీ. నెత్తళ్ళు తాజాగా ఉన్నాయి, మజ్జానం ఏపుడు సెయ్యి. ఆడికిష్టం." తర్వాత పోలమ్మ గొంతు తగ్గించానని అనుకుంటూ, బాత్‌రూమ్ దాకా వినబడేలాగే అంది: "నా కంపు ఆడికి గిట్టడం నేదే. పెద్దోడైపోనాడు. పోన్లే, నానెల్లొస్తాను."

తలుపు కింది సందులోంచి చుట్ట వాసన లోపలికొచ్చింది. అంతే. ధనరాజు చెవులు కాలిపోయాయి. తన గొంతే తన తలలో ఒక మాట అంది. అతను గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. చెప్పులు మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా ఆగిపోయాక మరో పది నిమిషాలకి గాని బయటికి రాలేదు.

హైమ నెత్తళ్ళ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"ఎనిమిది నెలల్నించి చూస్తున్నాను. ఆవిడొచ్చేసరికి మీకు స్నానమో, ఫోనో, తలనొప్పో ఏదోటి ఉంటుంది. అమ్మంటే నామోషీగా ఉందా?"

"కాదు."

"మరి?"

చెప్పడానికి లేదు. చెబితే ముడి జారిపోతుంది. ఆ నియమం రాసిందీ తనే. అయినా నిజం మాట్లాడుకోవాలంటే, నియమం లేకపోయినా చెప్పే మొహం అతనికి లేదు. జుట్టు పొడిగానే ఉందన్న సంగతి మరిచిపోయి తువ్వాలుతో తల తుడుచుకుంటూ గదిలోకి వెళ్ళిపోయాడు. హైమ చూసింది.

ముడి అంటే ఏమిటో చెప్పాలి.

ధనరాజు రోజుకి రెండు పెట్టెలు కాల్చేవాడు. పదకొండుసార్లు మానేశాడు. ఏలకులు నమిలాడు, సోంపు నమిలాడు, జబ్బకి నికోటిన్ పట్టీలు అతికించుకున్నాడు, చివరికి నోట్లో పుల్ల పెట్టుకుని తిరిగి నవ్వులపాలయ్యాడు. పొగ మాన్పించే పరిశోధన చేస్తున్నవాడే కొండ మీది పరిశోధనశాల వెనక్కి వెళ్ళి గోడవార దమ్ము లాగి వస్తుంటే ఆ కొండ మీద నవ్వనివాడు లేడు.

వాళ్ళ పరిశోధన స్వీయ సమ్మోహనం మీద. తనను తానే మగతలోకి జోకొట్టుకుని, ఆ మగతలో తనకు తానే ఒక మాట చెప్పుకోవడం. ఊరివాళ్ళు ఎంత చెప్పినా మనసు వినదు, గుమ్మంలోనే ఆపేస్తుంది. సొంత గొంతుని మాత్రం లోపలికి రానిస్తుంది. అదైనా అన్ని వేళలా కాదు, మగత ఒక లోతుకి దిగినప్పుడు కొద్ది క్షణాలు మాత్రమే. ఆ క్షణాలు ఎప్పుడొచ్చాయో మనిషికి తెలియదు గనక ఒక టోపీ తయారుచేశారు. టోపీ మెదడుని కనిపెట్టుకుని ఉంటుంది. సమయం రాగానే సన్నటి గొట్టంలోంచి ముక్కు దగ్గరికి కాస్త పొగ వదిలి, ఆ మనిషి ముందే రికార్డు చేసి పెట్టుకున్న సొంత మాటని చెవిలో వినిపిస్తుంది. అలా ఏడు రోజులు కూర్చుంటే పొగకీ ఆ మాటకీ ముడి పడుతుంది.

మొదట భయాన్ని కట్టి చూశారు. "తాగితే చస్తావు" అని తమకు తాము చెప్పుకున్నవాళ్ళు ఇరవై రోజులు మానేసి, ఇరవై ఒకటో నాడు ఎలాగూ చస్తాం కదా అని అంటించారు. తర్వాత ప్రేమని కట్టారు, పిల్లల పేర్లు, పెళ్ళాం పేర్లు. అది ఐదు వారాలు నిలిచింది. ప్రేమతో చిక్కేమిటంటే, అది క్షమించేస్తుంది.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో టీ తాగుతూ ధనరాజుకి ఎందుకో ఒక పాత సంగతి గుర్తొచ్చింది. పాతికేళ్ళ కిందటిది. గుర్తు రావడంతోనే చెవులు వేడెక్కి, గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఆ తర్వాత ఒక నిమిషానికి అతనిలోని శాస్త్రవేత్త లేచి కూర్చున్నాడు: పాతికేళ్ళయినా ఈ చెవులు చల్లారలేదే! భయం పాతబడుతుంది, ప్రేమ మెత్తబడుతుంది, సిగ్గు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తదే.

ముందు తన మీదే ప్రయోగం చేసుకున్నాడు. విభాగం పెద్ద డాక్టర్ ఇందుమతి టోపీ తాడు బిగిస్తూ, "ఏ జ్ఞాపకమని నేనడగను ధనరాజ్ గారూ, మీరూ చెప్పకండి," అంది. ఆవిడ మర్యాదస్తురాలు. అతను కళ్ళు మూసుకుని లైట్‌హౌస్ మెట్లు దిగుతున్నట్టు ఊహించుకుంటూ తన గొంతుతోనే లెక్కపెట్టుకుంటూ కిందికి పోయాడు. అడుగున ఆ రోజు ఎదురుచూస్తూ ఉంది.

పదో తరగతిలో పట్నం మొత్తానికీ మొదటివాడిగా వచ్చాడు. బహుమతి ఇస్తామని స్కూల్లో పిలిచారు. పక్క బెంచీ కుర్రాడి తండ్రి పోర్టులో ఆఫీసరు, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ధనరాజు భుజం తట్టి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. సభ మొదలయ్యే వేళకి గుమ్మంలో పోలమ్మ కనబడింది. రేవు నుంచి నేరుగా వచ్చేసింది. చీర మోకాళ్ళదాకా తడిసి ఉంది, చంకలో ఖాళీ తట్ట, నోట్లో చుట్ట. చుట్ట చివర నిప్పు ఎర్రగా వెలుగుతోంది. పొగ ముందు వరసల మీదికి పోయింది. నలుగురూ ముక్కులు మూసుకున్నారు. ఆవిడ ఎవరినీ చూడకుండా కొడుకుకేసి నడిచి వచ్చింది, మొహమంతా నవ్వు.

"ఎవరోయ్ ఆవిడ? నీకేసే వస్తోంది?" అన్నాడు ఆఫీసరు.

"ఆవిడ మా ఇంటికి చేపలు తెచ్చే మనిషండీ," అన్నాడు ధనరాజు.

పోలమ్మ అప్పటికి రెండు మూరల దూరంలో ఉంది. ఆగిపోయింది. ఒక్క క్షణం, అంతే. తర్వాత ఆ ఆఫీసరుకేసి తిరిగి, నవ్వు చెదరకుండా, "అవును బాబూ, ఆళ్ళింటికి సేపలు నానే తెస్తాను," అని, వెనక్కి తిరిగి వరండాలోకి వెళ్ళిపోయింది. భర్త పోయాక ఒంటి చేత్తో తట్ట మోసి చదివించిన మనిషి, కొడుకు అబద్ధానికి దన్నుగా నిలబడింది. సాయంత్రం ఇంట్లో అన్నం పెడుతూ, "పైజేటిచ్చినారురా?" అని అడిగింది. చూపించాడు. మళ్ళీ ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఆ మాటనే రికార్డు చేసుకున్నాడు ధనరాజు. తన గొంతుతో, పొల్లుపోకుండా: "ఆవిడ మా ఇంటికి చేపలు తెచ్చే మనిషి." ఏడు రోజులు ఆ మాట తన చెవిలో తనే చెప్పించుకున్నాడు. ఎనిమిదో రోజు పాన్ కొట్టు ముందు ఎవడో పొగ వదిలితే పదిహేనేళ్ళ ధనరాజు ఆ నడిబజార్లో నిలబడి సిగ్గుతో చచ్చిపోయాడు. జేబులో పెట్టె తీసి కాలవలో పడేశాడు. పరిశోధనశాలలో చప్పట్లు కొట్టారు, హైమ పాయసం చేసింది.

తర్వాత నలభైమంది వాలంటీర్లు వచ్చారు. నలభైమందీ మానేశారు. ఒక్కడు మాత్రం తను అన్యాయం చేసిన తమ్ముడి దగ్గరే ఆ రహస్యం చెప్పుకుని ఏడ్చాడట, రెండో రోజుకి ముడి జారి మళ్ళీ బీడీ పట్టాడు. ధనరాజు వెంటనే సూచనల కాగితంలో పెద్దక్షరాలతో చేర్చాడు: మీరు ఎంచుకున్న జ్ఞాపకాన్ని ఎవరికీ చెప్పవద్దు.

అప్పటికి తెలియంది ఒకటుంది. ముడి ఉన్నచోటే ఉండదు, బిగుస్తూ పోతుంది. మొదట సిగరెట్టు వాసనకే వచ్చేది సిగ్గు. తర్వాత బీడీకి. తర్వాత చుట్టకి. చుట్ట అంటే ఇక అమ్మే. తడి చీర వాసనకి, తట్టకి, కాలింగ్ బెల్‌కి కూడా వచ్చేస్తోంది ఇప్పుడు. అమ్మని చూసి సిగ్గుపడ్డ రోజుని తలుచుకుని సిగ్గుపడుతూ, అమ్మని చూసి సిగ్గుపడేవాడిలాగే కనబడుతున్నాడు. ఆ తేడా ఎవరికి చెప్పుకుంటాడు?

బుధవారం నాడు సన్యాసిరావు పరిశోధనశాలకొచ్చాడు. రిటైరైన ఆర్టీసీ డ్రైవరు, పదిహేడో నెంబరు వాలంటీరు. కుర్చీ అంచున కూర్చుని నెత్తి మీది ఎండటోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బీడీ పోనాది సార్, మంచిదే. కానీ మా గౌరీసూ పోనాడు."

"అయ్యో! ఎప్పుడు?"

"సచ్చిపోనేదు సార్! బాగానే ఉన్నాడు. ఇరవయ్యేళ్ళు నా బస్సుకే కండక్టరు. రోజూ సాయంత్రం డిపో గోడ మీద కూకుని ఇద్దరం సెరో బీడీ కాల్సీవోళ్ళం. ఇప్పుడాడు బీడీ అంటిస్తే నాను లెగిసి వొచ్చెస్తన్నాను. అంటించకపోయినా వొచ్చెస్తన్నాను. ఆడి మొకం సూడ్నేకపోతన్నాను." సన్యాసిరావు ఒళ్ళోని టోపీని అటూ ఇటూ తిప్పాడు. "ఆడి ఇసయంలో నానొకటి సేసినాను లెండి. సెప్పకూడదు కదా. నిన్న ఆడే మా ఇంటికొచ్చి, నా వొల్ల ఏటైనా తప్పు జరిగితే సెమించరా అని అడిగినాడు సార్. ఆడు! నన్ను!"

ధనరాజు కాగితాలు సర్దాడు. నాకూ అంతేనయ్యా అని చెప్పాలి. చెప్పలేదు. వచ్చే సోమవారం ఆరోగ్యశాఖ వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు ధనరాజు కుర్చీలో కూర్చుంటే మొహం మీద పొగ వదిలి చూపించాలి. మొదటి విజయం అతనే కదా.

"కొద్ది రోజుల్లో తగ్గుతుంది," అన్నాడు.

"తగ్గుతాదా సార్?" అన్నాడు సన్యాసిరావు, చిన్నపిల్లాడిలా నమ్మేస్తూ. దండం పెట్టి వెళ్ళాడు. ఆ దండం ధనరాజుకి చెంపదెబ్బలా తగిలింది. మధ్యాహ్నం క్యారియరు విప్పలేదు.

ఆ సాయంత్రం హైమ కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా చెప్పింది.

"అత్తయ్యకి నోట్లో పుండు లేచింది. పచ్చడి కలిపితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది, అడిగితే కారం ఎక్కువైందంటుంది. నిన్న నేనే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అంగిట్లో మచ్చ ఉందిట. సోమవారం ముక్క తీసి పరీక్షకి పంపాలి. చుట్ట ఇవాళే ఆపాలి, ఒక్కటి కూడా వద్దన్నారు."

"నాకు చెప్పలేదే?"

"చెప్పడానికి మీరు బాత్‌రూమ్‌లోంచి బయటికి రావాలి కదా!"

పోలమ్మ తాగేది అడ్డపొగ. నిప్పున్న కొస నోటి లోపల ఉంటుంది, మొద్దు బయటికి. ఆ నిప్పుని నాలుక మీద నిలుపుకునే బేరమాడుతుంది, నవ్వుతుంది, మనవరాళ్ళ వరస పిల్లలకి ముద్దులు పెడుతుంది. ఆ తీరంలో పెద్ద వయసు ఆడవాళ్ళు చాలామంది అలాగే తాగుతారు గనక, తల్లి కూడా ఎప్పుడో ఆ ఆచారంలోనే పడిందని ధనరాజు అనుకునేవాడు.

"మీ యంత్రం ఉందిగా, అత్తయ్యకి పెట్టొచ్చు కదా?" అంది హైమ. అతను వినబడనట్టు లేచి వెళ్ళిపోయాడు. తల్లిని ఆ గదిలో కూర్చోబెట్టి, దేనికి సిగ్గుపడతావో ఆలోచించుకో అని అడగాలి. ఎవరు అడుగుతారు, తనా?

గురువారం పొద్దున్న ధనరాజు రికార్డింగు గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు. అద్దానికి అవతల ప్రయోగశాల గది, వాలంటీరు వీపు ఇటుంటుంది. పేర్లు రాయరు, నెంబర్లే. నలభై ఒకటో నెంబరు అన్నారు. నెరిసిన కొప్పు మీద టోపీ కనబడింది. అతను మీట నొక్కాడు.

"ఓలమ్మో, ఈ తాడు బిగేస్తన్నారేటి డాట్రమ్మా, నానేటి పారిపోతానా!"

ధనరాజు చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

హైమ ఊరుకోలేదన్నమాట. తనని అడగడం దండగని నేరుగా ఇందుమతికే ఫోన్ చేసినట్టుంది. ఇందుమతికి ఈవిడ ఎవరి తల్లో తెలుసో లేదో గాని, ఎప్పటిలాగే నెమ్మదిగా చెబుతోంది.

"చూడండమ్మా, మీ జీవితంలో మీరు బాగా సిగ్గుపడ్డ సంగతి ఒకటి తలుచుకోవాలి. పైకి చెప్పకండి. మనసులోనే అనుకోండి. అందులోంచి ఒక్క మాట మాత్రం తర్వాత రికార్డు చేద్దాం."

"మనసులో అనుకోడం నాకు రాదమ్మా. బజార్లో సేపలమ్మినదాన్ని. పైకి అంటేగాని అనుకున్నట్టుండదు."

"వద్దమ్మా, పైకి..."

"ఉండు తల్లీ, ఎతకనీ." హెడ్‌ఫోన్లలో తల్లి ఊపిరి వినబడింది. "నాను సిగ్గుపడేదేటున్నాది? ఒకలి దగ్గిర సెయ్యి సాపనేదు. పాడైపోయిన సేప తాజాదని అమ్మనేదు. మొగుడు పోయినప్పుడు కూడా ఏడిసి ఊరుకున్నాను గాని సిగ్గెందుకు పడతాను? ఊఁ... ఒకటున్నాది. ఆఁ, ఉన్నాది."

"పైకి చెప్పకండమ్మా!"

"నా కొడుక్కి పదో తరగతిలో పైజొచ్చినాది. పెద్దపెద్దోళ్ళొచ్చినారు. నాను బుద్ధి నేనిదాన్ని, సీరన్నా మార్సుకోకుండా ఎలిపోనాను. నీసుకంపు, నోట్లో సుట్ట, గుప్పుగుప్పున పొగ. పాపం ఆడికి తలొంపులైపోనాది. పసోడు, ఏటి సేస్తాడు? నన్నెవుళో అని సెప్పీసినాడు. తప్పు నాదే కదమ్మా. అంత సదువుకునీవోడికి అమ్మనైయ్యుండి, అలగెల్తానా? ఇప్పటికీ తలుసుకుంటే సిగ్గుతో సచ్చిపోతాను. అదే కట్టీండి."

ఇందుమతి చేతిలోని కలం పక్కన పెట్టింది.

"ఆ సాయంత్రవే సుట్ట తిప్పీసినానమ్మా. అందాకా నాను మామూలుగానే కాల్సీదాన్ని. నిప్పు నోట్లోకి ఎట్టీసుకుంటే పైకి కనపడదు, పొగా అంత రాదు. మా పేటలో ముసిలమ్మలు కాల్సీవోళ్ళు కదా, ఆళ్ళ దగ్గిర నేర్సుకున్నాను. మొదట్లో నాలికంతా బొబ్బలెక్కీసినాది. మరేటి సెయ్యను, మాననేకపోనాను. రేపు ఆడు పెద్దోడై రోడ్డు మీద ఎదురుపడితే, నలుగురిలో ఆడికి సిన్నతనం కాకూడదు కదా."

ధనరాజు హెడ్‌ఫోన్లు తీసేశాడు. తీసినా వినబడుతూనే ఉంది.

పాతికేళ్ళు! పాతికేళ్ళుగా ఆ నిప్పు ఆవిడ నోట్లో ఎందుకుందో కొడుక్కి తెలియదు. ఆచారమనుకున్నాడు. ఒకసారి క్లాసులో అడ్డపొగ మీద పాఠం కూడా చెప్పాడు, "తీరప్రాంతపు స్త్రీలలో ఒక వింత అలవాటు" అని. తను అన్న మాట ఒకటి, తల్లి అంగిట్లో రోజుకి పదిసార్లు వాత పెడుతూ వచ్చింది. తనేమో ఆ మాటనే పరిశోధనకి పనికొచ్చే సరుకుగా వాడుకుని, చప్పట్లు కొట్టించుకుని, పాయసం తాగాడు. సిగ్గు అనే మాట చాలలేదు అతనికి. ఇంకేదైనా మాట ఉందేమో తెలియలేదు.

కట్టాల్సిన మాట ఆవిడ గొంతుతోనే రికార్డయిపోయింది. అద్దం అవతల ఇందుమతి గొట్టంలోకి పొగ ఎక్కించే బుడ్డి అందుకుంటోంది. ఇప్పుడు ముడి పడిందంటే పోలమ్మ చుట్ట మానేస్తుంది. కచ్చితంగా మానేస్తుంది, యంత్రం అబద్ధమాడదు. ఆ తర్వాత ఎక్కడ పొగ వచ్చినా చెయ్యని తప్పుకి ముడుచుకుపోతుంది. కొన్ని నెలలు పోయాక కొడుకు వాసన తగిలినా ముడుచుకుపోతుంది. రెండు గదుల్లో రెండు గడియలు పడతాయి.

తలుపు తోశాడు. తడి చీర, నీసు, చుట్ట, అన్నీ ఒక్కసారి మొహాన కొట్టాయి. తలలో ముడి గుంజింది. చెవులు కాలిపోయాయి, కాళ్ళు వెనక్కి లాగాయి. ఆవిడ మా ఇంటికి చేపలు తెచ్చే మనిషి, ఆవిడ మా ఇంటికి చేపలు తెచ్చే మనిషి అని తన గొంతే తనని బయటికి తోసేస్తోంది. గుమ్మం నుంచి ఆ కుర్చీ దాకా ఆరడుగులు. అంత దూరం అతను జన్మలో నడవలేదు.

"ధనరాజ్ గారూ, ప్రయోగం మధ్యలో మీరు లోపలికి..."

"ఆపండి మేడమ్. ఆవిడ మా అమ్మ."

స్టూలు లాక్కుని తల్లి ఎదురుగా కూర్చున్నాడు. మోకాళ్ళు మోకాళ్ళకి తగిలాయి. పోలమ్మ కంగారుపడి చీర కుచ్చిళ్ళు వెనక్కి లాక్కుంది, కొడుకు ప్యాంటుకి నీసు అంటుతుందని.

"నీకెందుకురా ఇక్కడికి, నాను కంపు కొడతన్నాను..."

"అమ్మా, నేను సిగరెట్టు ఎలా మానేశానో తెలుసా? దీనికి కట్టుకున్న జ్ఞాపకం నాదీ అదే. ఆ రోజే." ఊపిరి పీల్చుకుంటే మళ్ళీ చుట్ట వాసన. "ఆ ఆఫీసరు నువ్వెవరని అడిగితే చేపలు తెచ్చే మనిషివని చెప్పాను. నువ్వు విన్నావు."

"పక్కనే ఉన్నాను కదరా, ఇననేటి?"

"పసివాణ్ణి కాదమ్మా. పదిహేనేళ్ళు నాకు. తెలిసే అన్నాను. నువ్వు వెనక్కి వెళ్ళిపోతే అమ్మయ్య అనుకున్నాను కూడా. పాతికేళ్ళలో ఒక్కసారి తప్పయిందమ్మా అని అనలేకపోయాను. ఇప్పుడు నువ్వొస్తే తలుపేసుకున్నది నీ వాసన గిట్టక కాదు, నా మొహం నీకు చూపించలేక." అతను చెయ్యి చాపి ఆవిడ నెత్తి మీది టోపీ పట్టుకున్నాడు. "ఆ సిగ్గు నాదమ్మా. నీది కాదు. నీకివ్వను."

పోలమ్మ కొడుకు మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది, ఎనిమిది నెలల బాకీ ఒకేసారి తీర్చుకుంటున్నట్టు. తర్వాత చీర చెంగుతో అతని ముక్కు తుడిచింది, ఇందుమతి చూస్తోందన్న సంకోచం కూడా లేకుండా.

"నా కంపు గిట్టకే అనుకున్నానురా," అంది. కాసేపాగి అసలు పని గుర్తొచ్చి, "అయితే మరి నాకేటి కట్టాలి? ఇంకేటీ నేదే! సిగ్గుపడే పని నానింకేటీ సెయ్యనేదు," అంది దిగులుగా.

ఇందుమతి పొగ బుడ్డి బల్ల మీద పెట్టేసింది. దగ్గరికొచ్చి, తనే తాడు విప్పి టోపీ తీసేసింది.

"అయితే ఈ యంత్రం మీకు పనిచెయ్యదమ్మా."

"నోరు తెరువమ్మా," అన్నాడు ధనరాజు. ఫోన్‌లో లైటు వెలిగించి చూశాడు. అంగిలంతా పాలు ఎండి అట్టకట్టిన గిన్నె అడుగులా తెల్లబడి, మధ్యలో ఎర్రటి చుక్కలు. ఒక పక్కన పుండు. పరిశోధన పత్రాల్లో ఇలాంటి బొమ్మలు నూరు చూసి ఉంటాడు. తల తిప్పుకోకుండా చూడాలనుకున్నాడు, చూశాడు.

తల్లిని ఆటో ఎక్కించి వచ్చాక ఇందుమతి గదిలో గంటసేపు మాటలు జరిగాయి. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. "సోమవారం వాళ్ళకి ఎవరిని చూపించమంటారు?" అని మాత్రం అడిగింది.

"ఎవరినీ చూపించొద్దు మేడమ్. నా సంగతే చెప్పండి, వాడి ముడి జారిపోయింది, ఎందుకు జారిందంటే ఇదీ అని. మనం నలభైమంది చేత సిగరెట్టు మాన్పించాం. నలభైమందినీ ఎవరికి అన్యాయం చేశారో వాళ్ళ నుంచే దూరంగా పారిపోయేలా చేశాం. చెప్పుకుంటే ముడి జారుతుందని మనకి ముందే తెలుసు. తెలిసే చెప్పొద్దని రాశాను. రాసింది నేనే."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంది. "నేనూ ఆ కాగితం మీద సంతకం పెట్టాను," అంది చివరికి.

నలభైమందికీ ఫోన్లు చెయ్యాలి. ముందు పదిహేడో నెంబరుకి చేశాడు ధనరాజు. "సన్యాసిరావు గారూ, నిన్న నేను అబద్ధం చెప్పాను. తగ్గదు. వెళ్ళి గౌరీశుకి చెప్పెయ్యండి. బీడీ మళ్ళీ లాగుతుంది, దాని సంగతి తర్వాత చూసుకుందాం." "ఆడు నన్ను ఇడిసీస్తే?" అన్నాడు సన్యాసిరావు. "విడిచిపెట్టొచ్చు," అన్నాడు ధనరాజు. ఈసారి నిజమే చెప్పాడు.

అనుకున్నట్టే శనివారానికి ముడి జారిపోయింది. పాన్ కొట్టు ముందు నిలబడితే పొగ ఉత్త పొగలాగే వచ్చింది. చెవులు చల్లగా ఉన్నాయి, తలలో ఎవరూ మాట్లాడలేదు. దాని వెనకే వచ్చింది సిగరెట్టు మీద ఆశ, ఏడాదిగా ఆకలితో పడి ఉన్నది ఒక్కసారిగా లేచినట్టు. వేళ్ళు జేబులు తడుముకున్నాయి. సిగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడది పొగ వస్తేనే వచ్చేది కాదు, అన్నం తింటున్నా, పళ్ళు తోముకుంటున్నా, నాలుక అంగిలికి తగిలినప్పుడల్లా వస్తోంది. ఆ కొట్టులో పావు కిలో పటికబెల్లం కొనుక్కుని వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్న కొండ మీద ఆరోగ్యశాఖ వాళ్ళ ముందు ఇందుమతి ఒక్కతే నిలబడి ఉంటుంది. ధనరాజు ఆసుపత్రిలో ఓపీ లైన్లో తల్లి పక్కన నిలబడ్డాడు. ఇద్దరి బుగ్గల్లోనూ పటికబెల్లం ముక్క. పోలమ్మ చుట్ట ముట్టి నాలుగు రోజులైంది. యంత్రం లేదు, ముడి లేదు, మొండితనం ఒక్కటే ఉంది. చేతులు ఊరికే ఉండలేక చెంగు ముడేస్తోంది, విప్పుతోంది. మధ్యలో ఒకసారి కొడుకు వేళ్ళు కూడా చొక్కా జేబు తడమడం చూసి నవ్వింది.

"నీకూ లాగతందేటిరా?"

"చాలా లాగుతోందమ్మా."

"నాకూ అంతే. ఇంకో ముక్కెట్టుకో."

ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తలకి నూనె రాసుకుంది. అయినా నీసు వాసన పోలేదు, ఏళ్ళ తరబడి ఒంట్లో ఇంకిపోయింది అది. వెనక నిలబడ్డ సూటు మనిషి ముక్కు మీద జేబురుమాలు వేసుకున్నాడు. పోలమ్మ అది చూసి, అలవాటుగా, కొడుక్కి రెండడుగులు ఎడంగా జరిగింది. ఎవరో తెలియని దానిలా గోడకేసి చూస్తూ నిలబడింది.

అది చూసి ధనరాజు ప్రాణం చివుక్కుమంది. ఒక్క మాటతో నేర్పాడు తను ఆ రెండడుగులు. ఎన్ని మాటలతో పోతాయో.

"సూరాడ పోలమ్మ!" అని పిలిచాడు కిటికీలో గుమాస్తా. ధనరాజు తల్లి చెయ్యి పట్టుకుని తన పక్కకి లాక్కుని కిటికీ ముందుకి వెళ్ళాడు. గుమాస్తా అతని ఇస్త్రీ చొక్కాని, పక్కనున్న మనిషిని మార్చి మార్చి చూశాడు.

"ఈవిడకి మీరేమవుతారు?"

"మా అమ్మ!"

గదంతా మారుమోగింది. లైన్లో ఉన్న వాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. సూటు మనిషి జేబురుమాలు దించాడు. ధనరాజుకి తెలియకుండానే తల్లి గొంతు వచ్చేసింది, నాలుగో అంతస్తు దాకా వినబడే గొంతు.

పోలమ్మ అతని చొక్కా పట్టుకుని లాగింది.

"అంత గట్టిగా అరుస్తావేటిరా, మెల్లగా సెప్పలేవా? అందరూ సూస్తన్నారు. నాకు సిగ్గేస్తంది," అంది.

కానీ ఆ రెండడుగులు మళ్ళీ ఎడంగా జరగలేదు.